మున్సిపాలిటీ ఆన్‌లైన్ సేవల్లో సమాచార భద్రత: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. చిన్న మున్సిపాలిటీలో ఐటీ బాధ్యత కొత్తగా మీ మీద పడింది. ధ్రువపత్రాలు, ఆస్తి పన్ను, నల్లా కనెక్షన్లు, ఫిర్యాదులు అన్నీ ఒకే పోర్టల్‌లోకి తేవాలి. బడ్జెట్ తక్కువ, సెక్యూరిటీ తెలిసిన మనిషి ఆఫీసులో లేరు. వెండర్ మాత్రం "ఎస్‌ఎస్‌ఎల్ ఉంది సార్, డేటా సెంటర్‌లో ఫైర్‌వాల్ ఉంది, చివర్లో సెర్ట్-ఇన్ గుర్తింపు ఉన్న ఆడిటర్‌తో ఆడిట్ చేయిస్తే అయిపోతుంది" అంటున్నారు. అది చాలా, ఇంకేమైనా చేయాలా అని అడిగారు.

చాలదండి. ఆ మూడూ ఉండాల్సినవే: దారిలో డేటా ఎవరూ చదవకుండా ఎస్‌ఎస్‌ఎల్, బయటివాళ్లు లోపలికి చొరబడకుండా ఫైర్‌వాల్, కోడ్‌లో లోపాలు పట్టడానికి కేంద్రం సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ గుర్తించిన ఆడిటర్. కానీ తెలుగు రాష్ట్రాల ఈ-సేవల ప్రాజెక్టుల్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నవాడిగా చెప్తున్నాను, మన దగ్గర జనం వివరాలు బయటపడ్డ పెద్ద సంఘటనలు తీసి చూస్తే వాటిలో ఫైర్‌వాల్ ఆపగలిగినవి తక్కువ. ఏ వివరం తీసుకోవాలి, ఎవరికి చూపించాలి, ఎవరు సంతకం పెట్టాలి అని మొదటి మీటింగుల్లో తేల్చేస్తారు చూడండి, తేడా అక్కడే వచ్చింది. ఆడిటర్ వచ్చేసరికి ఆ నిర్ణయాలన్నీ ఖాయమైపోయి ఉంటాయి. ఆయన కోడ్‌లో లోపాలు వెతుకుతాడు గానీ "నల్లా కనెక్షన్‌కు కులం ఎందుకు అడుగుతున్నారు" అని అడగడు. అది అడగాల్సింది మీరు, అదీ ఇప్పుడే.

రెండు ఉదాహరణలు చెప్తాను. రెండూ మన దగ్గర జరిగినవే.

2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ ఒక నివేదిక విడుదల చేసింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్లలో సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు, 10 కోట్ల దాకా బ్యాంకు ఖాతా నంబర్లు ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయని అంచనా వేసింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి: ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, రెండోది చంద్రన్న బీమాది. వాటిని ఎవరూ హ్యాక్ చేయలేదు. రిపోర్టు పేజీ తెరిస్తే చాలు, కనిపించేవి.

ఎందుకు పెట్టారు? దానికీ ఒక మంచి కారణమే ఉంది. ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికే దారి చూపింది. ఎవరి పేరు మీద ఎన్ని పనిదినాలు వేశారు, ఎంత చెల్లించారు అన్నది ఊరంతా చూడగలిగినప్పుడే దొంగ మస్టర్లు పట్టుబడతాయి. అందుకే వివరాలు బయట పెట్టే అలవాటు వచ్చింది. ఆ అలవాటును నేను ఇప్పటికీ సమర్థిస్తాను. నివేదిక వచ్చాక కొందరు అధికారులు "అసలేమీ పెట్టొద్దు, అన్నీ మూసేయండి" అన్నారు. భద్రత పేరు చెప్పి లెక్కలు దాచడం కూడా జనానికి అన్యాయమే. సామాజిక తనిఖీలో ఊరివాళ్లకు కావాల్సింది పేరు, జాబ్ కార్డు నంబరు, పనిదినాలు, మొత్తం, తేదీ. ఖాతా నంబరు పూర్తిగా ఎవరికీ అక్కర్లేదు, చివరి నాలుగు అంకెలు చాలు. ఆధార్ నంబరైతే ఒక్క అంకె కూడా అక్కర్లేదు, దాన్ని ప్రచురించకూడదని ఆధార్ చట్టంలోనే ఉంది. రిపోర్టు పేజీ రాసే కుర్రాడికి "ఈ ఐదు కాలమ్స్ మాత్రమే" అని ఎవరూ రాసివ్వకపోతే టేబుల్‌లో ఉన్నవన్నీ పేజీ మీదకు వచ్చేస్తాయి. ఇలాంటి రిపోర్టులు నేను ఎన్నో చూశాను, ప్రతిసారీ జరిగేది అదే.

రెండోది నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది. 1998లో కార్డ్ ప్రాజెక్టుతో సబ్-రిజిస్ట్రార్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. 2001లో రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి, అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ దస్తావేజుకు ఫొటోలు, వేలిముద్రలు జత చేయాలన్నారు. దొంగ రిజిస్ట్రేషన్లు ఆపడానికి అది అవసరమే. తర్వాత ఆ దస్తావేజుల నకళ్లు ఆన్‌లైన్‌లో దొరికేలా చేశారు, ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది. ఈలోగా ఆధార్ వచ్చింది. వేలిముద్ర వేస్తే సిమ్ కార్డు, వేలిముద్ర వేస్తే బ్యాంకు డబ్బు. 2018లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల డిస్ట్రిబ్యూటర్‌ను హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. అతను రిజిస్ట్రేషన్ శాఖ సైట్ నుంచి దస్తావేజులు దింపుకొని, రబ్బరు స్టాంపులు చేసే యంత్రంతో వాటిలోని వేలిముద్రలకు నకళ్లు చేసి, వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడన్నది కేసు. ఆ తర్వాత ఇదే దారిలో, ఆధార్ చెల్లింపుల మిషన్ల మీద, ఖాతాల్లోంచి డబ్బు లాగిన ముఠాలు బయటపడ్డాయి.

ఇందులో ఏ ఒక్క శాఖనూ విడిగా తప్పు పట్టలేం. 2001లో కాగితం మీద వేలిముద్ర అంటే సంతకం లాంటిదే, చూసినా ఎవరికీ ఉపయోగం లేదు. పదేళ్ల తర్వాత ఇంకెక్కడో ఇంకో శాఖ దాన్ని ఖాతాకు తాళంచెవిని చేసింది. ఆ సంగతి రిజిస్ట్రేషన్ సైట్ నడిపేవాళ్లకు ఎవరూ చెప్పలేదు. 2023లో ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్, వేలు నిజమైనదా, నకలా అని చూసే పరీక్ష తెచ్చింది, కొంత మేలు జరిగింది. కానీ పాస్‌వర్డ్ మార్చుకున్నట్టు వేలిముద్ర మార్చుకోలేం కదా. అందుకే మీ పోర్టల్‌లో ఏ స్కాన్ కాపీ పెట్టాలన్నా "ఇది ఇప్పుడు ప్రమాదమా" అని అడగడంతో ఆగకండి. "ఇది ఇంకెక్కడైనా తాళంగా వాడుతున్నారా, రేపు వాడతారా" అని కూడా అడగండి. పుట్టిన తేదీ, తల్లి పేరు, సంతకం నమూనా, ముఖం ఫొటో, ఇవన్నీ ఆ కోవలోవే.

ఇక మీరు చేయాల్సిన మొదటి పని. దీనికి పైసా ఖర్చు లేదు. ఒక్కో సేవకు ఒక్కో తెల్లకాగితం తీసుకోండి. ఎడమవైపు ఫారంలో అడిగే ప్రతి వివరం రాయండి. దాని పక్కన: ఎందుకు, ఏ చట్టం లేదా జీవో ప్రకారం, లోపల ఎవరు చూస్తారు, బయట ఎవరికి కనపడుతుంది, ఎన్నాళ్లు ఉంచాలి. నల్లా కనెక్షన్ ఫారం తీసి ఇలా రాస్తే సగం గళ్లు ఖాళీగా మిగులుతాయి. ఆధార్ కాపీ, రేషన్ కార్డు కాపీ, కులం... ఎందుకని అడిగితే "పాత ఫారంలో ఉందండి" అంటారు. పాత ఫారం ఇంకేదో పథకం ఫారం చూసి కొట్టినది అయ్యుంటుంది. కారణం దొరకని గడి కొట్టేయండి. మీ దగ్గర లేని వివరం మీ దగ్గర్నుంచి పోదు. కమిషనర్ గారితో సంతకం పెట్టించి ఆ కాగితాలే వెండర్‌కు ఇవ్వండి, స్పెసిఫికేషన్ అదే.

ఆధార్ గురించి ఒక మాట. మనిషి ఎవరో నిర్ధారించుకోవడమే అవసరమైతే ఆధార్ కాపీని స్కాన్ చేసి దాచుకోవాల్సిన పని లేదు. ఆధార్ పత్రం మీది క్యూఆర్ కోడ్‌కు ఉడాయ్ డిజిటల్ సంతకం ఉంటుంది. ఇంటర్నెట్ లేకపోయినా చదివి సరిచూసుకోవచ్చు, పూర్తి నంబరు అందులో ఉండదు. నంబరు దాచడం తప్పనిసరి అయిన చోట దాన్ని విడిగా ఆధార్ డేటా వాల్ట్‌లో (ఆ నంబర్లకే కేటాయించిన భద్రమైన నిల్వలో) ఉంచి, మిగతా డేటాబేస్ అంతటా దాని బదులు రిఫరెన్స్ కీ అనే మారు నంబరు మాత్రమే వాడాలని 2017లోనే ఆదేశాలు వచ్చాయి. వెండర్‌ను "మీ టేబుళ్లలో ఆధార్ కాలమ్ ఎక్కడెక్కడ ఉందో చూపించండి" అని అడగండి. బ్యాకప్ టేబుల్‌లో, ఎర్రర్ లాగ్‌లో, టెస్ట్ సర్వర్‌లో కూడా వెతకమనండి. టెస్ట్ సర్వర్‌లో అసలు జనం డేటా వేసి పెట్టుకోవడం మన దగ్గర మహా మామూలు.

తర్వాత కౌంటర్. నా లెక్కలో భద్రత నిలబడేదీ పడేదీ ఇక్కడే. ఏదైనా ఆఫీసుకు పదిన్నరకు వెళ్లి చూడండి. సంతకం పెట్టాల్సిన అధికారి ఫీల్డ్‌లో ఉంటారు, లేదా కలెక్టరేట్‌లో రివ్యూ మీటింగులో. ఆయన డిజిటల్ సంతకం పెట్టే, పెన్‌డ్రైవ్ లాంటి కీ మాత్రం ఆపరేటర్ సీపీయూకు గుచ్చి ఉంటుంది. పిన్ ఎవరినీ అడగక్కర్లేదు, కీకి అంటించిన చిన్న కాగితం మీదే ఉంటుంది. కీని భద్రంగా తన అధీనంలో ఉంచుకునే బాధ్యత సంతకందారుడిదే అని ఐటీ చట్టం 42వ సెక్షన్ చెప్తోంది, అది ఆ అధికారికి తెలియకా కాదు. ఇన్ని రోజుల్లో సర్టిఫికెట్ ఇవ్వాలన్న గడువు, పెండింగ్ ఎక్కువైతే వీడియో కాన్ఫరెన్స్‌లో చివాట్లు, రోజంతా బయట డ్యూటీ. ఈ మూడూ కలిస్తే ఏ నిజాయితీపరుడైనా కీ ఆపరేటర్‌కు ఇచ్చేస్తాడు. సర్క్యులర్లు ఎన్ని పంపినా ఇది ఆగదు. పని జరిగే తీరు మార్చాలి. అధికారి సెలవులో ఉంటే ఇన్‌ఛార్జికి తన సొంత కీతో సంతకం చేసే అధికారం ఆ రోజే వచ్చేలా సాఫ్ట్‌వేర్‌లో ఏర్పాటు ఉండాలి. ఫైళ్లన్నీ చూసుకుంటూ ఒక్క కూర్చోవడంలో సంతకాలు పూర్తిచేసే స్క్రీన్ ఉండాలి. సాయంత్రం ఆయన ఫోన్‌కు ఒక మెసేజ్ వెళ్లాలి: ఈరోజు మీ కీతో ఇన్ని పత్రాలు వెళ్లాయి, వాటిలో ఆఫీసు వేళలు దాటాక ఇన్ని. మీటింగులో కూర్చున్న రోజు తన పేరు మీద డెబ్బై సంతకాలు పడ్డట్టు మెసేజ్ చూసిన అధికారి మర్నాడు కీ జేబులో వేసుకునే వెళ్తారు.

లాగిన్ల సంగతీ ఇంతే. ఒక్క ఐడీతో ముగ్గురు పనిచేస్తున్నారంటే వాళ్లు చెడ్డవాళ్లని కాదు. కొత్త ఐడీ కావాలంటే పైనుంచి రావడానికి వారం పడుతుంది, క్యూలో జనం అప్పటిదాకా ఆగరు. ఐడీ గంటలో ఇచ్చే ఏర్పాటు మీ మున్సిపాలిటీలోనే పెట్టుకోండి. మనిషి మానేసిన రోజే తీసేసే బాధ్యత కూడా జీతాల బిల్లు చేసే సెక్షన్‌కు అప్పగించండి, ఎవరు ఉన్నారో ఎవరు వెళ్లారో కచ్చితంగా తెలిసేది వాళ్లకే.

మొబైల్ నంబరు దగ్గర ఇంకో చిక్కు ఉంది. పింఛను కోసం వచ్చిన అవ్వకు ఫోన్ ఉండదు, ఉన్నా కొడుకు దగ్గర ఉంటుంది, కొడుకు హైదరాబాద్‌లోనో గల్ఫ్‌లోనో ఉంటాడు. ఓటీపీ లేకుండా దరఖాస్తు ముందుకు కదలదు. ఆపరేటర్ జాలిపడి తన నంబరే కొట్టేస్తాడు. అలా కొన్ని నెలల్లో వందల మంది ఓటీపీలు ఒకే ఫోన్‌కు వస్తుంటాయి. ఈ రోజు అతను మంచివాడు, రేపు ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో తెలియదు. ఫోన్ లేనివాళ్లకు రసీదు నంబరుతో దరఖాస్తు పెట్టుకునే దారి తప్పకుండా ఉంచండి. ఒకే నంబరు చాలా దరఖాస్తుల్లో కనపడితే మీకు తెలిసేలా పెట్టుకోండి, కానీ ఆపేయకండి. ఒక ఇంట్లో ఒకే ఫోన్ ఉండటం మన దగ్గర సహజం. అలా ఆపితే నష్టపోయేది పేదవాళ్లే.

సాఫ్ట్‌వేర్ విషయంలో మీరే స్వయంగా, ఏ టూల్సూ లేకుండా చేయగల పరీక్షలు కొన్ని ఉన్నాయి. మీ పేరుతో ఒకటి, మీ సహోద్యోగి పేరుతో ఒకటి, రెండు దరఖాస్తులు పెట్టండి. మీ లాగిన్‌లో సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసే లింకు చూడండి. చివర్లో దరఖాస్తు నంబరు కనిపిస్తే దాని బదులు సహోద్యోగి నంబరు కొట్టి ఎంటర్ నొక్కండి. అతని ఆదాయ సర్టిఫికెట్ మీ స్క్రీన్ మీదకు వచ్చిందా, అదొక్కటే చాలు పోర్టల్‌ను వెనక్కి పంపడానికి. ఎందుకంటే ఒకటి నుంచి లక్ష దాకా నంబర్లు వేసి మొత్తం దింపుకోవడం చిన్న ప్రోగ్రామ్ పని. తర్వాత లాగౌట్ అయ్యి అదే లింకు ఇంకో బ్రౌజర్‌లో పెట్టండి, లాగిన్ లేకుండానే తెరుచుకుంటే అదీ లోపమే. ఓటీపీ అడిగినప్పుడు బ్రౌజర్‌లోనే ఉండే డెవలపర్ టూల్స్ తెరిచి, సర్వర్ నుంచి వచ్చిన జవాబులో ఆ ఓటీపీ అంకెలు కనపడుతున్నాయేమో చూడండి. నవ్వొద్దు, ఇది నిజంగా కనపడుతుంది. తప్పుడు ఓటీపీ వందసార్లు కొట్టినా ఆపకపోతే అదీ రాసుకోండి. నా అనుభవంలో ఈ నాలుగింటిలో ఒకటైనా దొరకని కొత్త పోర్టల్ అరుదు.

మీరు జారీచేసే సర్టిఫికెట్లకు మీసేవ పద్ధతి మంచి నమూనా. 2011లో మొదలైనప్పటి నుంచి అందులో డిజిటల్ సంతకం ఉంది, నంబరు కొట్టి ఎవరైనా నిజమో కాదో చూసుకోవచ్చు. మీరు ఆ చూసుకునే పేజీలో మనిషి చిరునామా, తండ్రి పేరు, అన్నీ మళ్లీ చూపించకండి. "ఈ నంబరు సర్టిఫికెట్ ఫలానా తేదీన ఫలానా పేరుతో ఇచ్చాం, చెల్లుతుంది" అంటే చాలు.

టెండర్ దశ ఇంకా దాటకపోతే అదృష్టవంతులు. సోర్స్ కోడ్, డొమైన్, క్లౌడ్ ఖాతా, అడ్మిన్ పాస్‌వర్డ్‌లు మున్సిపాలిటీ పేరు మీద ఉండాలని, వెండర్ మారితే డేటా ఏ రూపంలో ఎన్ని రోజుల్లో అప్పగించాలో, లోపం చెప్పాక ఎన్ని రోజుల్లో సరిచేయాలో, చేయకపోతే బిల్లులో ఎంత కోతో రాయించండి. డొమైన్ ప్రభుత్వానిదే తీసుకోండి, డాట్ కామ్ వద్దు. రెన్యువల్ మర్చిపోతే మీ పాత చిరునామాలో జూదం సైటు తెరుచుకుంటుంది, సర్టిఫికెట్ల మీద ముద్రించిన లింకు జనాన్ని అక్కడికే తీసుకెళ్తుంది. ఆడిట్ విషయంలో ఒక్కటే: ఆడిటర్ చూసిన కోడే లైవ్‌లో ఉందని వెండర్‌తో రాయించుకోండి. కొత్త మాడ్యూల్ కలిపితే మళ్లీ చూపించాలి.

ఇక లాగ్‌లు, అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారో సిస్టమ్ రాసుకునే నమోదులు. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, సంఘటన తెలిసిన 6 గంటల్లో వాళ్లకు తెలియజేయాలి. సర్వర్ల గడియారాలన్నీ ఒకే ప్రామాణిక సమయానికి కలపాలని కూడా అందులో ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. వెబ్ సర్వర్ ఒక సమయం, డేటాబేస్ పదకొండు నిమిషాలు వెనక, కౌంటర్ కంప్యూటర్ ఇంకెక్కడో ఉంటే, ఆ సర్టిఫికెట్ ఎవరి లాగిన్‌తో వెళ్లిందో పోలీసులకు చెప్పలేరు. ఏదైనా కేసు పడినప్పుడు నిర్దోషి అయిన ఆపరేటర్‌ను కాపాడేది కూడా ఆ లాగే. మీ సిబ్బందికి ఈ కోణం చెప్పండి, సహకారం దానంతటదే వస్తుంది. ఎవరు మార్చారన్నదే కాకుండా ఎవరు చూశారన్నది కూడా నమోదు కావాలి. ఎస్టోనియాలో తన వివరాలు ఏ ఆఫీసు ఎప్పుడు తెరిచిందో పౌరుడే చూసుకోగలడు. మనం అంతదూరం వెంటనే వెళ్లలేకపోయినా, చూసినవాళ్ల జాబితా లోపల ఉంచడానికి పెద్ద ఖర్చేమీ లేదు.

సిస్టమ్ మొత్తం ఆగిపోతే ఏం చేస్తారు? 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు రాన్సమ్‌వేర్ (డేటాకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) బారిన పడి రెండు వారాల దాకా ఓపీ చీట్లు, రిపోర్టులు చేత్తో రాసుకున్నారు. అదే నెలలో పసిఫిక్‌లోని వనువాటు ప్రభుత్వ నెట్‌వర్క్ పడిపోయి ఆఫీసులు కాగితం, టైప్‌రైటర్ల మీదకు వెళ్లాయి. అంతకు కొన్ని నెలల ముందు కోస్టారికా ఏకంగా జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించింది, పన్నులు, కస్టమ్స్ వ్యవస్థలు ఆగిపోయాయి. మీ బ్యాకప్‌లలో ఒకటైనా నెట్‌వర్క్‌కు తగిలి ఉండకూడదు. మూడు నెలలకోసారి దాన్ని వేరే మిషన్ మీద తిరిగి ఎక్కించి, నిన్నటి పన్ను రసీదు ఒకటి తీయించి చూడండి. "బ్యాకప్ రోజూ వెళ్తోంది సార్" అన్న మాట నమ్మకండి. కౌంటర్‌లో ముందుగా నంబర్లు వేసిన కాగితం ఫారాలు ఒక కట్ట ఉంచండి, జనన మరణ ధ్రువపత్రాలు ఆగిపోతే బీమా లాంటి పనులకు జనం ఇబ్బంది పడతారు.

చట్టం సంగతి కమిషనర్ గారికి చెప్పాల్సి వస్తే, 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో తగిన భద్రత పాటించకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. బడ్జెట్ మీటింగులో ఆ అంకె పనికొస్తుంది.

చివరిగా, ఎవరూ టెండర్‌లో రాయని విషయం. 2023 జూన్‌లో బంగ్లాదేశ్ జనన మరణ నమోదు సైట్‌లో కోట్ల మంది వివరాలు తెరిచి ఉన్నాయని బయటి పరిశోధకుడు ఒకరు గుర్తించారు. ఆయన వెతికింది వాటి కోసం కాదు, గూగుల్‌లో ఏదో డేటాబేస్ ఎర్రర్ గురించి చూస్తుంటే కనపడ్డాయి. ప్రభుత్వ సంస్థలకు మెయిల్స్ పెట్టినా జవాబు రాలేదు. వార్త బయటికొచ్చాకే కదిలారు. మీ పోర్టల్‌లో లోపాన్ని ముందుగా చూసేది ఊళ్లో బీటెక్ చదివే పిల్లాడే అయ్యుండొచ్చు. అతను ఎవరికి చెప్పాలి? హోమ్ పేజీ కింద తెలుగులో "లోపం కనపడితే ఇక్కడ చెప్పండి" అని ఒక మెయిల్, ఒక ఫోన్ నంబరు పెట్టండి. ఆ మెయిల్ ఎవరు చదవాలో పేరుతో సహా ఆఫీసు ఆర్డర్ తీయండి. డేటా దింపుకోకుండా, బయట పెట్టకుండా, మంచి మనసుతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టబోమని అందులోనే రాయండి. దీనికి వెండర్‌తో పని లేదు, కమిషనర్ గారి సంతకం ఒక్కటి చాలు, ఈ వారంలోనే అయిపోతుంది. ఆ పైన తెల్లకాగితాలు మొదలుపెట్టండి. ఒక సేవకు పూర్తయ్యాక గళ్లు ఇక్కడ పెడితే, ఏది కొట్టేయొచ్చో కలిసి చూద్దాం.